కొత్త బండికి తొలి వెయ్యి కిలోమీటర్లు: పుదుచ్చేరిలో లెక్క వేరు

2025 సెప్టెంబర్ 22న నవరాత్రులు మొదలయ్యాయి. అదే రోజు 350 సీసీ మించని ద్విచక్ర వాహనాలపై జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి దిగింది. పన్నుకు ముందు లక్ష రూపాయలున్న బండి అంతకు ముందురోజు వరకూ 1,28,000 అయితే, ఆ రోజు నుంచి 1,18,000. రాయల్ ఎన్‌ఫీల్డ్ తన 350 సీసీ మోడళ్లపై 22,000 రూపాయల వరకూ ధర తగ్గుతుందని ప్రకటించింది. 350 సీసీ దాటిన బళ్లకు మాత్రం పన్ను 40 శాతానికి పెరిగింది. ఈఎంఐ భయంతో ఏళ్లుగా షోరూం గుమ్మం తొక్కని కుటుంబాలు కూడా ఆయుధ పూజ, దీపావళి పేరుతో లోపలికి అడుగుపెట్టే పరిస్థితి వచ్చింది.

బండి ఇంటికి వచ్చాక నిమ్మకాయలు తొక్కించడం, కొబ్బరికాయ కొట్టడం ఎవరూ మర్చిపోరు. ఆ తర్వాతి వెయ్యి కిలోమీటర్లు ఎలా నడపాలన్న దగ్గరే ఎవరి మాట వాళ్లది. "నలభై దాటొద్దు, ఇంజన్ ఇంకా ఫ్రీ కాలేదు" అంటాడు మేనమామ. "మొదటి రోజే గట్టిగా లాగితేనే పికప్ వస్తుంది" అంటాడు యూట్యూబ్ చూసిన తమ్ముడు. షోరూం కుర్రాడు తాళాలు చేతికిచ్చి, "సర్వీసుకు రండి సార్" అని ఊరుకుంటాడు. ఇవన్నీ చెప్పాల్సిన పుస్తకం సీటు కిందో బీరువాలోనో ఉంటుంది. అది చాలావరకూ ఇంగ్లీషులో ఉంటుంది కాబట్టి అక్కడే ఉండిపోతుంది.

పుదుచ్చేరి లాంటి ఊళ్లో ఈ గందరగోళం ఖరీదు ఇంకాస్త ఎక్కువ. కారణం ఇంజన్ కాదు, ఊరు.

సిలిండర్ లోపల జరిగేది

కొత్త సిలిండర్ గోడ చూడటానికి అద్దంలా ఉన్నా నిజానికి నున్నగా ఉండదు. ఫ్యాక్టరీలో దానిపై కావాలనే సన్నటి అడ్డగీతలు గీస్తారు. దాన్నే హోనింగ్ అంటారు. చాప అల్లికలా ఒకదాన్నొకటి కోసుకుంటూ పోయే ఆ గీతల్లో ఆయిల్ నిలబడుతుంది. గీతల మధ్య మిగిలిన సూక్ష్మమైన గరుకు, పిస్టన్ రింగులు పైకీ కిందికీ తిరుగుతుంటే అరుగుతుంది. రింగుకీ గోడకీ ఒకదానికొకటి అచ్చుగుద్దినట్టు కుదిరేదాకా సాగే ఈ అరుగుదలనే మెకానిక్కులు "సెట్ అవ్వడం" అంటారు.

ఇక్కడ చాలామందికి తెలియని విషయం ఒకటుంది. రింగును గోడకు అదిమిపట్టేది దాని స్ప్రింగు గుణం ఒక్కటే కాదు. పెట్రోలు మండినప్పుడు పుట్టే వాయువు రింగు వెనక్కి చేరి దాన్ని బయటికి తోస్తుంది. అంటే ఇంజన్ కొంత బరువు లాగినప్పుడే రింగు గోడకు సరిగా ఆనుతుంది. మరీ ముద్దుగా, యాక్సిలరేటర్ తాకీ తాకనట్టు వందల కిలోమీటర్లు నడిపితే ఆ ఒత్తిడి చాలదు. గీతల్లో ఆయిల్ మాడి, గోడ మీద గాజు పూతలా పేరుకునే ప్రమాదం ఉంది. ఆ తర్వాత రింగు ఎంత తిరిగినా కుదరదు. ఆయిల్ పైకి ఎగబాకి మండుతుంది, సైలెన్సర్ నుంచి నీలం పొగ వస్తుంది. అలాగని తొలి రోజే పూర్తి థ్రాటిల్ ఇస్తే గరుకు ఇంకా అరగని చోట వేడి ఒక్కసారిగా పెరిగి గోడ గీసుకుపోతుంది. రెండు దారులూ చివరికి చేరేది ఒకే చోటికి. "ఇంజన్ బోరుకొచ్చింది, హాఫ్ ఇంజన్ చెయ్యాలి" అని మెకానిక్ చెప్పే రోజుకి.

వంద సీసీ ఫోర్ స్ట్రోక్ బండి టాప్ గేరులో గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతుంటే ఇంజన్ నిమిషానికి సుమారు 5,500 చుట్లు తిరుగుతుంది. ఆ వేగంలో కిలోమీటరుకు నిమిషం పడుతుంది కాబట్టి 500 కిలోమీటర్లకు దాదాపు 27 లక్షల చుట్లు. ఇంత తిరుగుడులో అరిగిన లోహపు పొడి ఎక్కడికి పోతుంది? ఫ్యాక్టరీ నుంచి వచ్చిన తొలి ఆయిల్‌లోకి. అందుకే తొలి వెయ్యి కిలోమీటర్లలో వేగం గురించి జరిగే వాదనంతా కలిపినా, మొదటి ఆయిల్ మార్పిడికి ఉన్న విలువ దానికి లేదు. కొత్త బండి మొదటి ఆయిల్ దింపినప్పుడు దాన్ని ఎండలో పెట్టి చూస్తే మెరిసే రజను కనబడుతుంది. ఆ రజనుతోనే మరో వెయ్యి కిలోమీటర్లు తిప్పడం ఎలాంటిదో విడమరిచి చెప్పక్కర్లేదు.

నలభై ఎక్కడి నుంచి వచ్చింది

మేనమామ మాట తీసిపారేసేది కాదు. ఆ మాట వెనక ఒక కాలం ఉంది. 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా బుల్లెట్లు బిగించడం మొదలుపెట్టిన నాటి నుంచి మైసూరు జావా, ఎజ్డీల వరకూ, 1985లో ఆర్‌ఎక్స్ 100 వచ్చేవరకూ కూడా, ఆనాటి సిలిండర్లు, పిస్టన్లు ఇప్పటంత కచ్చితమైన కొలతలతో తయారయ్యేవి కావు. టూ స్ట్రోక్ బళ్లలో పెట్రోలుతో పాటు ఆయిల్ కలిపి పోసేవారు. మొదట్లో అది కాస్త ఎక్కువే కలపమనేవారు. పాళ్లు తప్పినా, ఎక్కువ సేపు గట్టిగా లాగినా పిస్టన్ పట్టేసేది. నడిరోడ్డు మీద వెనక చక్రం బిగుసుకుపోయి పడిన వాళ్లు చెప్పిన జాగ్రత్త అది. బ్రిటన్‌లో ఆ రోజుల్లో కొత్త కార్ల వెనక "రన్నింగ్ ఇన్, ప్లీజ్ పాస్" అని బోర్డు తగిలించుకునేవారు.

ఇవాళ్టి ఇంజన్ వేరు. హోనింగ్ తర్వాత పై గరుకును ఫ్యాక్టరీలోనే చాలావరకూ తీసేస్తున్నారు. చాలా మోడళ్లలో అల్యూమినియం సిలిండర్ మీద గట్టి పూత ఉంటుంది. 2020 ఏప్రిల్ 1న బీఎస్-6 వచ్చాక ఇంధనాన్ని కొలిచి పోసేది కార్బొరేటర్ కాదు, కంప్యూటర్. కాబట్టి అరుగుదల పని పూర్వంకన్నా తక్కువే మిగిలి ఉంటుంది. కానీ బొత్తిగా లేదనడం తప్పు. కంపెనీలు తమ పుస్తకాల్లో ఇప్పటికీ తొలి 500, 1000, కొన్నిచోట్ల 2000 కిలోమీటర్ల వరకూ జాగ్రత్తలు రాస్తున్నాయి.

పాత నియమంలో అసలు నష్టం వేరే చోట ఉంది. నలభై దాటకూడదని చెబితే చాలామంది టాప్ గేరులో ముప్ఫై, ముప్ఫై ఐదులో నడుపుతారు. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు కూడా గేరు దించరు. ఇంజన్ మూలుగుతుంది, బండి వణుకుతుంది. స్పీడోమీటర్ మీద సంఖ్య చిన్నదే అయినా లోపల కనెక్టింగ్ రాడ్, బేరింగుల మీద పడే భారం పెద్దది. కొలవాల్సింది వేగాన్ని కాదు. ఇంజన్ ఎంత తిరుగుతోంది, ఎంత బరువు లాగుతోంది అన్నదాన్ని. రెండో గేరులో నలభై వేరు, నాలుగో గేరులో నలభై వేరు.

తమ్ముడి వాదన కూడా గాల్లోంచి ఊడిపడలేదు. రింగులు కుదిరే అవకాశం తొలి ముప్ఫై, నలభై కిలోమీటర్లలోనే ఉంటుంది, అప్పుడే గట్టిగా లాగాలి అనే సిద్ధాంతం రేసింగ్ ఇంజన్లు కట్టే వాళ్ల దగ్గర నుంచి ఇంటర్నెట్‌కు ఎక్కింది. ఒత్తిడి ఉంటేనే రింగు ఆనుతుందన్న సగం నిజం అందులో ఉంది. అయితే రేసు ఇంజన్‌ను గంటకోసారి ఆయిల్ మారుస్తూ, వేడి కొలుస్తూ బల్ల మీద నడుపుతారు. పదేళ్లు బతకాలని దాన్ని ఎవరూ అడగరు. పైగా కొత్తగా ఉండేది రింగులొక్కటే కాదు. గేరు పళ్లు, క్లచ్ ప్లేట్లు, క్యామ్ లోబులు కూడా ఒకదానితో ఒకటి ఇంకా పరిచయంలోనే ఉంటాయి. కొత్త టైరు మీద అచ్చు నుంచి వచ్చిన జారుడు పొర ఉంటుంది. అది అరిగేదాకా, అంటే తొలి నూటయాభై కిలోమీటర్ల దాకా, మలుపుల్లో పట్టు తక్కువ. కొత్త డిస్క్ ప్యాడ్లు మొదటి రోజే పూర్తిగా పట్టుకోవు. ఇంజన్ కోసం ఫుల్ థ్రాటిల్ ఇచ్చినవాడికి ఆగడానికి కావాల్సిన బ్రేకు ఇంకా తయారై ఉండదన్నమాట.

ఇద్దరి మధ్యలో ఉన్న దారి పెద్ద రహస్యమేమీ కాదు. స్టార్ట్ చేశాక ఒక అర నిమిషం ఆగి, మొదటి రెండు మూడు కిలోమీటర్లు మెల్లగా. ఇంజన్ వేడెక్కాక మధ్యస్థంగా లాగడం, వదలడం, మళ్లీ లాగడం. వదిలినప్పుడు ఇంజన్ బ్రేకింగ్ వల్ల సిలిండర్‌లో చూషణ ఏర్పడి గోడలకు కాస్త ఆయిల్ అందుతుంది. ఒకే వేగంలో గంటలకొద్దీ పోకూడదు. సగం, ముప్పాతిక థ్రాటిల్ మించకూడదు, రెడ్ లైన్ దగ్గరకు పోకూడదు. ముగ్గురిని ఎక్కించుకోవడం ఎప్పుడూ తప్పే, ఇప్పుడు మరీ. ఈ అంకెల్లో తేడా వస్తే ఆ మోడల్ పుస్తకంలో ఉన్నదే ఆఖరి మాట.

ఊరు చిన్నది, రోజులు పెద్దవి

ఇప్పుడు పుదుచ్చేరికి వద్దాం. ఫ్రెంచివాళ్లు గళ్లు గీసినట్టు వేసిన పాత పట్టణాన్ని కాలినడకన అరగంటలో ఈ చివరి నుంచి ఆ చివరికి దాటేయొచ్చు. నెహ్రూ వీధి, మిషన్ వీధి, అన్నా సాలైలలో బండి మూడో గేరు పడడమే గగనం. బీచ్ రోడ్డులో సాయంత్రం ఆరు నుంచి ఉదయం ఏడున్నర వరకూ వాహనాలే పోవు. పట్టణం నుంచి జిప్‌మర్ నాలుగైదు కిలోమీటర్లు. కాలాపట్‌లో ఉన్న విశ్వవిద్యాలయం కాస్త దూరం, పది కిలోమీటర్ల పైచిలుకు.

ఇలాంటి ఊళ్లో ఇల్లూ ఆఫీసూ కూరగాయల మార్కెట్టూ కలిపి రోజుకు ఎనిమిది కిలోమీటర్లు తిరిగే మనిషిని ఊహించండి. 45 రోజులకు 360 కిలోమీటర్లు. మొదటి సర్వీసు షరతు చాలా కంపెనీల్లో "500 కిలోమీటర్లు లేదా 45 రోజులు, ఏది ముందైతే అది" అన్న తీరులో ఉంటుంది. అంకెలు మోడల్‌ను బట్టి మారతాయి గాని "ఏది ముందైతే అది" అన్నది మారదు. హైదరాబాదులో రోజుకు ముప్ఫై, నలభై కిలోమీటర్లు తిరిగేవాడికి ఓడోమీటరే ముందు గంట కొడుతుంది. పుదుచ్చేరిలో క్యాలెండర్ ముందు కొడుతుంది. "ఇంకా 500 కాలేదుగా" అని మీటరు చూసుకుంటూ కూర్చున్నవాడు రెండు నెలల తర్వాత వెళితే ఉచిత సర్వీసు కూపన్ చెల్లకపోవచ్చు. అంతకన్నా ముఖ్యం, తర్వాతెప్పుడో ఇంజన్‌లో లోపం తేలినప్పుడు వారంటీ నిరాకరించడానికి కంపెనీ చేతికి ఒక కాగితం దొరుకుతుంది.

తక్కువ తిరిగితే ఇంజన్‌కు హాయి అనుకోవడం కూడా పొరపాటే. కిలోమీటరున్నర పోయి ఆపేస్తే ఆయిల్ పూర్తిగా వేడెక్కదు. మండని పెట్రోలు, ఆవిరిగా పోవాల్సిన తేమ ఆయిల్‌లోనే ఉండిపోతాయి. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన ఇ-20 పెట్రోలు. ఇథనాల్‌కు గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉంది. సముద్రం పక్క ఊరు, వారాల తరబడి కదలని బండి, సగం ట్యాంకు పెట్రోలు, మూడూ కలిస్తే మంచిది కాదు. 2023 ఏప్రిల్ తర్వాత తయారైన బళ్లలో రబ్బరు, లోహ భాగాలు ఇ-20కి తట్టుకునేలా చేశారు కాబట్టి కొత్తగా కొన్నవాళ్లు ఆ భయం పెట్టుకోనక్కర్లేదు. లీటరుకు వచ్చే శక్తి కొంచెం తక్కువ కనుక మైలేజీ కూడా కొంచెం తగ్గుతుంది. "కొత్త బండి కదా, ఇంజన్ ఫ్రీ అయితే మైలేజీ పెరుగుతుంది" అని చెప్పే సేల్స్ మాటలో కొంత నిజం ఉన్నా, ఈ తగ్గుదలను ఏ రన్నింగ్-ఇన్నూ పూడ్చలేదు.

కాబట్టి పట్టణంలోనే తిరిగే బండికి వారానికి రెండుసార్లయినా తెల్లవారుజామున ఓ ఇరవై, పాతిక కిలోమీటర్లు తిప్పడం అవసరం. అరియాంకుప్పం మీదుగా కడలూరు వైపో, కాలాపట్ వైపో. ఆ గంటలో రోడ్లు ఖాళీగా ఉంటాయి, గాలి చల్లగా ఉంటుంది, గేర్లన్నీ వాడే అవకాశం వస్తుంది. పగలు ఇందిరాగాంధీ కూడలి సిగ్నల్ దగ్గర కొత్త ఎయిర్ కూల్డ్ ఇంజన్‌ను రెండు నిమిషాలు ఆన్‌లో ఉంచడం కన్నా ఆపేయడం మేలు. కొత్త ఇంజన్‌లో రాపిడి ఎక్కువ, అందుకే వేడీ ఎక్కువ. ఆ వేడిని తీసుకుపోవాల్సిన గాలి, బండి కదిలితేనే వస్తుంది. ఉప్పు గాలి సంగతి ఇంజన్‌ది కాదు గాని, చైన్‌కు మామూలు ఊళ్లకన్నా ముందే ఆయిల్ పెట్టకపోతే నెలలోనే తుప్పు గోధుమ రంగులో పలకరిస్తుంది. తొలి కొన్ని వందల కిలోమీటర్లలో కొత్త చైన్ సాగడం మామూలే, దాన్ని బిగించుకోవడమూ మొదటి సర్వీసులో భాగమే.

దీనికి పూర్తి వ్యతిరేకంగా ఇంకో రకం కొనుగోలుదారు ఉన్నాడు. చెన్నైలో బండి డెలివరీ తీసుకుని, తొలి ఆదివారమే ఈసీఆర్ మీద పుదుచ్చేరికి బయల్దేరేవాడు. వెళ్లి రావడం 300 కిలోమీటర్లు. నెల్లూరు నుంచి వచ్చేవాడికి ఒక వైపే అంతకన్నా ఎక్కువ. రన్నింగ్-ఇన్ ఒక్క రోజులో అయిపోతుందన్న సంతోషం. కానీ మహాబలిపురం దాటాక నాలుగు వరుసలుగా విస్తరిస్తున్న రోడ్డు మీద, మరక్కాణం ఉప్పు మళ్ల పక్కన, థ్రాటిల్ ఒకే చోట పెట్టి గంట సేపు పోవడమే కొత్త ఇంజన్‌కు అన్నిటికన్నా పనికిరాని నడక. రింగు ఒకే వేగానికి, ఒకే ఒత్తిడికి అరుగుతుంది. పోనీ పుస్తకం చెప్పింది కదా అని యాభైలో పోతే వెనక నుంచి ఎనభై, తొంభైలో బస్సులొస్తాయి. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయిన 1,68,491 మందిలో 44.5 శాతం ద్విచక్ర వాహనాల మీద వెళ్తున్నవాళ్లే. ఇంజన్‌ను కాపాడుకోవడానికి హైవేలో నెమ్మదిగా పోవడం మనిషిని కాపాడే పని కాదు. తొలి 500 కిలోమీటర్లు హైవే ఎక్కకపోవడమే తెలివైన పని. ఎక్కక తప్పకపోతే ఎడమ వరుస, అరగంటకో విరామం, వేగం మారుస్తూ ప్రయాణం. హెల్మెట్ సంగతి సరేసరి. ఎన్నోసార్లు మొదలై ఆగిపోయిన హెల్మెట్ నిబంధనను పుదుచ్చేరిలో 2025 జనవరి 12 నుంచి మళ్లీ తప్పనిసరి చేశారు.

యానాం వాళ్లది మరో ఇబ్బంది. పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలోనిదే అయినా ఆ తెలుగు ఊరు రాజధానికి 800 కిలోమీటర్లకు పైగా దూరంలో, కాకినాడ పక్కన ఉంది. అక్కడ పీవై-04 నంబరుతో బండి కొని, చదువు కోసం పుదుచ్చేరికి తెచ్చుకునే కుర్రాడు దాన్ని నడుపుకుంటూ రావాలన్న సరదా మానుకుని రైలు పార్శిల్‌లో వేయడమే మంచిది. ట్యాంకు ఖాళీ చేసి ఇవ్వాలి. మొదటి సర్వీసు కొన్న ఊళ్లోనే చేయించుకోవాలన్న నియమం లేదు. అదే కంపెనీ అధీకృత సర్వీస్ సెంటర్ ఎక్కడున్నా చేయాలి.

సర్వీస్ కౌంటర్ దగ్గర

మొదటి సర్వీసు ఉచితం అంటే పనికి డబ్బు తీసుకోరని. ఆయిల్‌కు, ఫిల్టర్‌కు తీసుకుంటారు. ఇక్కడే బిల్లు పెరిగే దారులు తెరుచుకుంటాయి. ఇంజన్ ఫ్లష్, టెఫ్లాన్ కోటింగ్, పెట్రోలులో కలిపే సీసా, "ఫుల్లీ సింథటిక్ వేయిస్తే ఇంజన్ స్మూత్ అవుతుంది" అనే సలహా. ఇవేవీ తొలి సర్వీసుకు పుస్తకం అడిగేవి కావు. ఆయిల్ విషయంలో చూడాల్సింది ధర కాదు, పుస్తకంలో రాసిన గ్రేడు. ఒక కంపెనీ 10డబ్ల్యూ-30 అంటుంది, రాయల్ ఎన్‌ఫీల్డ్ 350లకు 15డబ్ల్యూ-50. డబ్బా మీద జాసో ఎంఏ లేదా ఎంఏ2 అని ఉండాలి. మోటార్‌సైకిల్ క్లచ్ ఆయిల్‌లోనే మునిగి ఉంటుంది కాబట్టి కారు ఆయిల్ పోస్తే జారిపోతుంది. పాత ఆయిల్ దింపడం కళ్లతో చూడటం, ఫిల్టర్ మార్చారా శుభ్రం చేశారా అడగటం, తేదీ, కిలోమీటర్లు రాసిన జాబ్ కార్డు ఫోటో తీసి పెట్టుకోవడం. ఈ మూడింటికీ పది నిమిషాలు చాలు.

ఆ ఫోటో విలువ వెంటనే తెలియదు. తొలి ఏడాదిలోనే బండి ఆయిల్ తాగుతోందని ఫిర్యాదు చేస్తే వచ్చే మొదటి జవాబు "మీరు సరిగా రన్నింగ్-ఇన్ చేయలేదు" అనే. ఎలా నడిపారో రుజువు చేయడం ఇద్దరికీ కష్టమే. కానీ సర్వీసు గడువులో జరిగిందన్న కాగితం ఉన్నవాడి పక్షాన వాదన నిలుస్తుంది. మాట కుదరకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. ఆ పైన 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్ ఉంది. చెల్లించిన ధర ఐదు లక్షల లోపు అయితే అక్కడ ఫిర్యాదుకు రుసుము లేదు. దాదాపు ప్రతి మోటార్‌సైకిలూ ఆ లోపే వస్తుంది.

కంపెనీలూ ఈ విషయంలో చేతులు దులుపుకోలేవు. వారంటీని ఒక నడవడికతో ముడిపెట్టినప్పుడు ఆ నడవడిక ఏమిటో కొన్నవాడికి అర్థమయ్యే భాషలో ఒక్క పేజీ ఇవ్వడానికి అయ్యే ఖర్చు ఎంత? హ్యాండిల్‌కు వేలాడదీసే అట్టముక్క మీద తమిళంలోనో తెలుగులోనో నాలుగు వాక్యాలు, సర్వీసు గడువు తేదీ చేత్తో రాసి ఇస్తే చాలు. బండితో పాటు హెల్మెట్ ఇవ్వాలన్న నిబంధన మోటారు వాహనాల నియమాల్లో ఉంది. ఈ అట్టముక్కకు మాత్రం ఏ నియమమూ లేదు.

ఎలక్ట్రిక్ స్కూటర్ కొన్నవాళ్లకు ఈ ఇంజన్ గొడవ వర్తించదు గాని, టైర్లు, బ్రేకుల భాగం వర్తిస్తుంది.

పుదుచ్చేరిలో ఇంకో రకం కొత్త బండి ఉంది. ఎవరూ రన్నింగ్-ఇన్ చేయనిది. అద్దె బండి. వారాంతాల్లో వచ్చే పర్యాటకులకు రోజు లెక్కన ఇచ్చే స్కూటర్లు, బుల్లెట్లు షోరూం నుంచి నేరుగా కొత్త కొత్త చేతుల్లోకి వెళతాయి. తొలి వెయ్యి కిలోమీటర్లు పదిమంది నడుపుతారు, ఒక్కరికీ అది తమ బండి కాదు. రెండు మూడేళ్ల తర్వాత ఇలాంటివి సెకండ్ హ్యాండ్ మార్కెట్‌కు వస్తాయి. చట్టప్రకారం అద్దె బండికి నల్ల ప్లేటు, పసుపు అక్షరాలు ఉండాలి. తెల్ల ప్లేటుతోనే అద్దెకు తిరిగిన బండి అయితే కాగితాల్లో ఆ సంగతి కనబడదు. ధర తక్కువని పీవై-01 బండి కొనడానికి వచ్చే బయటి ఊరి వాళ్లు రంగు, సీటు చూసి మురిసిపోయే ముందు ఒక పని చేయాలి. ఉదయం, ఇంజన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు వెళ్లి, యజమాని ముందే స్టార్ట్ చేసి ఉంచకుండా చూసి, తామే స్టార్ట్ చేసి సైలెన్సర్ వెనక నిలబడాలి. తెల్లటి ఆవిరి వచ్చి పోతే అది తేమ. నీలం పొగ వచ్చి పోకుండా ఉంటే, ఎవరో ఒక పర్యాటకుడు ఈసీఆర్ మీద గడిపిన మంచి ఆదివారానికి డబ్బు కట్టాల్సింది ఇప్పుడు కొనేవాడే.